ధ్రువాల మంచు పాఠం: ముందు అడగాల్సిన ప్రశ్న

(9 నుంచి 12 ఏళ్ల పిల్లల తరగతికి. ఒక్క శుక్రవారం చాలదు, రెండు వారాలు పెట్టుకోండి.)

ఈ పాఠం మొదటిసారి చెప్పినప్పుడు నేనొక తప్పు చేశాను. మీరు చేయకూడదని ముందే చెప్పేస్తున్నాను. బోర్డు మీద భూగోళం గీసి, పైనా కిందా రెండు టోపీలు పెట్టి, "ఈ మంచు కరుగుతోంది, అందుకే మన ఉప్పాడను సముద్రం మింగేస్తోంది" అన్నాను. ఒక్క వాక్యంలో ధ్రువాలూ మన ఊరూ రెండూ వచ్చేశాయని సంబరపడ్డాను కూడా. ఆ తరగతిలో ఒక పాపది ఉప్పాడ పక్క ఊరు. ఆ రాత్రి వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మతో, "మీరు అక్కణ్నుంచి వచ్చేయండి అమ్మమ్మా, అంటార్కిటికా కరిగిపోతోందట" అని ఏడ్చిందట. ఆవిడేమో, "నా పెళ్లినాటికే సముద్రం ఒడ్డు కోసేస్తోందే, అప్పుడెక్కడిదే నీ అంటార్కిటికా?" అన్నారట. మరుసటి వారం వాళ్లమ్మ ఆ మాట నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అమ్మమ్మగారు అన్నది నిజమే. నేను చెప్పిన దాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ధ్రువం దగ్గర కరిగిన మంచుకీ, ఉప్పాడ ఒడ్డుకీ మధ్య చాలా మెట్లున్నాయి. వాటిని దాటేసి చివరి మాట చెబితే పిల్లలకు భయం తప్ప ఏమీ మిగలదు. ఆ మెట్లన్నీ ఎక్కించడానికి ఒక ప్రశ్న పట్టుకుంటే చాలు: "ఆ మంచు దేని మీద ఉంది? నీటి మీదా, నేల మీదా?"

మాటతోనే మొదటి చిక్కు

మన తెలుగులో "మంచు" చాలా పనులు చేస్తుంది. పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, సంక్రాంతి రోజుల్లో రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. ఫ్రిజ్‌లో ఉన్నది మాత్రం "ఐస్". షరఫియాలో పెరిగే మన పిల్లలు మొదటి రెండూ పెద్దగా చూసి ఉండరు. వాళ్లకు మంచు అంటే కార్టూన్‌లో తెల్లగా రాలేది. అందుకని పాఠం మాటలతో మొదలుపెట్టండి. బోర్డు మీద ఈ నాలుగూ రాయించండి.

తేలే మంచు: సముద్రపు నీరే గడ్డకట్టి, నీటి మీద తేలుతున్నది. మామూలుగా రెండు మూడు మీటర్ల మందం ఉంటుంది.

నేల మంచు: వేల ఏళ్లుగా కురిసిన మంచు నేల మీద పేరుకుని, తన బరువుకు తానే గట్టిపడినది. పుస్తకాల్లో దీన్ని "మంచు ఫలకం" అంటారు. కొండల మీద నుంచి మెల్లగా జారే దాన్ని "హిమానీనదం" అంటారు.

మంచు అరుగు: నేల మంచు జారుతూ జారుతూ సముద్రం మీదికి చాచుకుని తేలే భాగం. ఇంటికి అతుక్కుని ముందుకు వచ్చిన అరుగులా ఉంటుందని నేను ఈ పేరు పెట్టుకున్నాను. పిల్లలు వెంటనే పట్టేస్తారు. కాకపోతే ముందు అరుగంటే ఏమిటో ఒక ఫొటో చూపించాల్సి వస్తుంది!

తేలే మంచుకొండ: అరుగు నుంచో, సముద్రంలో దిగిన హిమానీనదం నుంచో విరిగి కొట్టుకుపోయే ముక్క. ఉత్త "మంచుకొండ" అంటే పిల్లలు హిమాలయం అనుకుంటారు. "తేలే" అనే మాట మరిచిపోవద్దు.

"ధ్రువం" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ధ్రువుడి కథ మన పిల్లలకు తెలుసు. ధ్రువం అంటే కదలనిది. భూమి బొంగరంలా తిరుగుతుంటే కదలకుండా ఉన్నట్టు కనిపించే రెండు కొసలే ధ్రువాలు అని చెబితే, అర్థం, కథ, భూగోళం మూడూ ఒకేసారి అందుతాయి.

రెండు ధ్రువాలూ ఒకటి కావు

పిల్లలకు రెండూ ఒకే రకం తెల్ల టోపీల్లా కనిపిస్తాయి. ఉత్తర ధ్రువం దగ్గర ఉన్నది సముద్రం. దాని మీద తేలే మంచు ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గర ఉన్నది ఖండం, అంటార్కిటికా. దాని మీద సగటున దాదాపు 2 కిలోమీటర్ల మందాన నేల మంచు ఉంది. ఆ మంచు ఫలకం సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి నాలుగు రెట్లకు పైనే. ఉత్తరాన గ్రీన్‌లాండ్ ద్వీపం మీద కూడా నేల మంచు ఉంది. అది సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో సగం అనుకోండి.

మన దేశం కట్టుకున్న స్థావరాల కథ ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. భారత శాస్త్రవేత్తల మొదటి బృందం 1982 జనవరిలో అంటార్కిటికాలో అడుగుపెట్టింది. 1983-84లో దక్షిణ గంగోత్రి అనే స్థావరం కట్టారు. ఎక్కడ? మంచు అరుగు మీద. కొన్నేళ్లలోనే అది మంచులో కూరుకుపోయింది, వదిలేయాల్సి వచ్చింది. 1989లో కట్టిన మైత్రిని మంచు లేని రాతినేల మీద కట్టారు. 2012 నుంచి పనిచేస్తున్న భారతి కూడా రాతినేల మీదే ఉంది. ఉత్తరాన నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో 2008లో హిమాద్రి మొదలైంది. "దేని మీద ఉంది?" అనే ప్రశ్న ఇల్లు కట్టేవాడికీ అవసరమేనని పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

రెండు గ్లాసుల ప్రయోగం

బకాలాలో ఒక ఐస్ సంచి కొనండి. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. మొదటి గ్లాసులో నాలుగు ఐస్ ముక్కలు వేయండి, అవి తేలాలి. రెండో గ్లాసు మీద టీ వడకట్టే జాలీ పెట్టి, అందులో నాలుగు ముక్కలు వేయండి, అవి నీటిని తాకకూడదు. ఇప్పుడు రెండింట్లోనూ నీరు ఎంతవరకు ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. ఏ గ్లాసులో నీరు పెరుగుతుందో పిల్లల చేత ముందే చెప్పించి, పేర్లతో సహా బోర్డు మీద రాయండి. పందెం ఉంటేనే చూపు గ్లాసు మీద నిలుస్తుంది.

కరిగాక మొదటి గ్లాసులో నీరు గీత దగ్గరే ఉంటుంది. రెండో దాంట్లో పెరుగుతుంది. తేలే ముక్క తన బరువుకు సరిపడా నీటిని అప్పటికే పక్కకు నెట్టేసి కూర్చుంది. కరిగితే ఆ ఖాళీలోనే సర్దుకుంటుంది. జాలీలోది మాత్రం కొత్తగా వచ్చి చేరిన నీరు. (మీకోసం: సముద్రం ఉప్పునీరు, తేలే మంచు దాదాపు మంచినీరు కాబట్టి అసలు సముద్రంలో అతి కొద్దిపాటి తేడా వస్తుంది. పిల్లలకు ఇప్పుడే అక్కర్లేదు.)

జెడ్డా ఉక్కలో ఒక తంటా ఉంది. గ్లాసు బయట నీటిచుక్కలు పట్టి కిందికి కారతాయి. "టీచర్, గ్లాసు కారుతోంది!" అంటారు. తుడిచి, అది గాలిలోని తేమ అని చూపించండి. పొద్దున గడ్డి మీద పట్టే మంచు ఇలాంటిదేనని చెప్పండి. పాఠం మొదట్లో చూడలేదన్న మంచును వాళ్లు చేత్తో ముట్టుకున్నట్టవుతుంది.

మంచు లేకుండానే పెరిగే నీరు

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేనూ వదిలేశాను. చిన్న సీసాలో రంగు కలిపిన చల్లటి నీళ్లు నిండా పోసి, మూతిలో స్ట్రా పెట్టి, చుట్టూ చపాతీ పిండితో గాలి పోకుండా మూసేయండి. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. వేసవిలో అయితే నీళ్లు కాచే పని లేదు, మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు చాలు. స్ట్రాలో రంగునీరు పైకి పాకుతుంది. ఎవరూ నీరు కలపలేదు, వేడెక్కి ఉబ్బిందంతే.

సముద్రాలూ అలాగే ఉబ్బుతున్నాయి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం 2021లో ఇచ్చిన నివేదిక లెక్క ఇది: 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, అంటే దాదాపు జానెడు. 1971-2018 మధ్య పెరిగిన దాంట్లో సగం ఇలా నీరు ఉబ్బడం వల్ల వచ్చింది. సుమారు 22 శాతం కొండల మీది హిమానీనదాల నుంచి, 20 శాతం గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు ఫలకాల నుంచి వచ్చాయి. మిగిలింది భూగర్భ జలాల్లాంటి నేల మీది నీటి మార్పుల వల్ల.

అంటే ఆ దాదాపు యాభై ఏళ్ల లెక్కలో ధ్రువాల మంచు ఫలకాల వాటా అయిదో వంతు. "అంతేనా?" అనుకోవద్దు. 1990లతో పోలిస్తే 2010-2019 మధ్య ఈ ఫలకాలు మంచు కోల్పోయే వేగం నాలుగు రెట్లయింది. 2002 నుంచి ఉపగ్రహాలు తూచిన లెక్కలో గ్రీన్‌లాండ్ ఏడాదికి సుమారు 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా దాదాపు 15,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటున్నాయి. సుమారు 36,000 కోట్ల టన్నులు సముద్రంలో చేరితే ప్రపంచమంతటా నీటిమట్టం 1 మిల్లీమీటరు పెరుగుతుంది. ఈ భాగహారం పెద్ద పిల్లల చేత చేయించండి, కోట్లు తెలుగులో చదవడం కూడా వస్తుంది.

మరి తేలే మంచు కరిగితే నష్టం లేదా?

గ్లాసు ప్రయోగం చూశాక తెలివైన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నష్టం ఉంది, కానీ దారి వేరు.

మొదటిది ఎండ. ఒక తెల్ల అట్టనూ ఒక నల్ల అట్టనూ కిటికీలో ఎండకు పెట్టి, పది నిమిషాల తర్వాత చెయ్యి పెట్టి చూడమనండి. కొత్తగా పడిన మంచు తన మీద పడే ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. అది పోయి ముదురు రంగు సముద్రం బయటపడితే 90 శాతానికి పైగా పీల్చుకుంటుంది. పీల్చుకుంటే ఇంకా వేడి, ఇంకా కరుగుదల. ఉత్తర ధ్రువ సముద్రంలో తేలే మంచును ఉపగ్రహాలు 1979 నుంచి వరుసగా కొలుస్తున్నాయి. 2012 సెప్టెంబర్‌లో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఆ కొలతల్లో అదే అతి తక్కువ.

రెండోది ప్రాణులు. ధ్రువపు ఎలుగుబంటి తేలే మంచు మీద కాపు కాసి సీల్‌లను వేటాడుతుంది. ఎంపరర్ పెంగ్విన్ పిల్లలకు నీరు చొరని ఈకలు వచ్చేదాకా కాళ్ల కింద మంచు నిలబడాలి. 2022లో అంటార్కిటికాలోని బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరంలో మంచు ముందే విరిగిపోయి, ఐదు పెంగ్విన్ స్థావరాల్లో నాలుగింట ఆ ఏడు పిల్లలు బతకలేదు. చిన్న తరగతికి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మూడోది అరుగు. మంచు అరుగు తేలుతూనే ఉంటుంది కాబట్టి అది విరిగితే నీటిమట్టం నేరుగా పెరగదు. కానీ అది వెనకాల ఉన్న నేల మంచుకు అడ్డంగా ఉంటుంది, తలుపుకు పెట్టిన రాయిలాగ. 2002లో లార్సెన్-బి అనే అరుగు కొద్ది వారాల్లోనే ముక్కలైంది. దాని వెనకాల హిమానీనదాలు ఆ తర్వాత వేగంగా సముద్రంలోకి జారాయి. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఆందోళనగా చూస్తున్నది థ్వైట్స్ హిమానీనదాన్ని. అది ఒక్కటే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కంటే పెద్దది.

ఉప్పాడ గురించి ఏం చెప్పాలి

ఇప్పుడు మెట్లన్నీ ఎక్కాం కాబట్టి ఉప్పాడకు రావచ్చు. జాందానీ చీరలకు పేరున్న ఈ ఊరు కాకినాడకు ఉత్తరాన ఉంది. ఇక్కడ ఒడ్డు కోత దశాబ్దాల నాటిది. ఇళ్లు పోయాయి, కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటూ వచ్చింది. కోత ఆపడానికి రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచుల్లాంటి జియోట్యూబులు వేశారు.

కారణాలు ఒకటి కాదు. సముద్రం రోజూ ఇసుక తీసుకుపోతుంది. నది రోజూ తెచ్చి ఇవ్వాలి. గోదావరి మీదా ఉపనదుల మీదా ఆనకట్టలు కట్టాక డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గింది. ఒడ్డు వెంబడి ఉత్తరానికి కదిలే ఇసుకలో కొంత హోప్ ఐలండ్ ఇసుకతిన్నె దగ్గర ఆగిపోతుంది. కాకినాడ రేవు కట్టడాలు కూడా ఆ కదలికను మార్చాయి. వీటికి తోడు తుపానులు. అందుకే అమ్మమ్మగారి పెళ్లినాటికే కోత ఉంది.

మరి ధ్రువాల మంచు ఎక్కడ కలుస్తుంది? ఇలా చెప్పి చూడండి. అటక మీద లడ్డూల డబ్బా ఉంది, పిల్లాడికి అందట్లేదు. కాళ్ల కింద పీట వేసుకున్నాడు, అందింది. ఉప్పెన ఆ పిల్లాడు, పెరిగిన సముద్రమట్టం ఆ పీట. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలాంటిది మళ్లీ వస్తే, అది ఎత్తు పెరిగిన సముద్రం మీద నిలబడి వస్తుంది. చదునైన డెల్టాలో కొద్ది ఎత్తు పెరిగినా నీరు చాలా దూరం లోపలికి వస్తుంది. బావుల్లో, బోర్లలో ఉప్పదనం కూడా లోపలికి జరుగుతుంది.

తరగతిలో చెప్పడానికి నేను ఇప్పుడు వాడే మాటలు ఇవి: "ఉప్పాడ దగ్గర ఒడ్డు కోతకు చాలా కారణాలున్నాయి. నది తెచ్చే ఇసుక తగ్గడం వాటిలో పెద్దది. సముద్రమట్టం పెరగడం ఆ కష్టాన్ని ఇంకా పెంచుతోంది. ఆ పెరుగుదలలో ధ్రువాల మంచుకు వాటా ఉంది, ఆ వాటా పెద్దదవుతోంది."

మన కార్నిష్ దగ్గర సముద్రం

పిల్లలకు తెలిసిన సముద్రం జెడ్డా కార్నిష్. ఇక్కడ ఆటుపోట్లు చాలా తక్కువ, ఎర్ర సముద్రం నడిమి భాగంలో అవి దాదాపు కనపడవు. సెలవులకు కాకినాడో విశాఖో వెళ్లినప్పుడు పొద్దున ఉన్న ఇసుక సాయంత్రానికి మునిగితే, అదే సముద్రమట్టం పెరగడం అనుకుంటారు. అది పోటు, మళ్లీ వెనక్కి పోతుందని ముందే చెప్పి పంపండి.

ఇంకొక మాట. ఎర్ర సముద్రంలోకి ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఏడాదికి సుమారు 2 మీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఆ లోటును బాబ్ ఎల్ మందెబ్ జలసంధి గుండా హిందూ మహాసముద్రం నుంచి వచ్చే నీరు పూడుస్తుంది. అంటే కార్నిష్ దగ్గర కాలు తడిపే నీరూ, ఉప్పాడ ఒడ్డును తాకే నీరూ ఒకే మహాసముద్రంతో కలిసి ఉన్నాయి. పటం మీద వేలితో ఆ దారి గీయించండి.

పిల్లలు అడిగేవి, మీరు చెప్పగలిగేవి

"మొత్తం కరిగితే జెడ్డా మునుగుతుందా?" గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు, అంటార్కిటికాది అంతా కరిగితే సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. కానీ అలా జరగడానికి ఎన్నో వందల, వేల ఏళ్లు పడుతుంది. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది చెప్పకండి. 2006-2018 మధ్య పెరిగిన వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. పదేళ్లకు దాదాపు రెండు వేళ్ల వెడల్పు. అది వేళ్లతోనే చూపించండి.

"ఎలుగుబంట్లు పెంగ్విన్లను తినేస్తాయా?" తినవు, ఎందుకంటే కలవవు. ఎలుగుబంట్లు ఉత్తరాన, పెంగ్విన్లు దక్షిణాన.

"ఎందుకు వేడెక్కుతోంది?" బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. ఫ్యాక్టరీల కాలానికి ముందు పది లక్షల పాళ్లలో సుమారు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అది భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

"అయితే మా నాన్న పని తప్పా?" ఈ ప్రశ్న ఇక్కడ వస్తుంది, సిద్ధంగా ఉండండి. చమురుతో ముడిపడిన ఉద్యోగాల మీద ఇక్కడ ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఏ పిల్లాడూ తలదించుకుని ఇంటికి వెళ్లకూడదు. చమురు వాడుతున్నది ప్రపంచం మొత్తం, ఈ తరగతిలోని ఏసీ కూడా. దాన్ని తగ్గించే దారులు వెతకడం ఇంజినీర్ల పని, ప్రభుత్వాల పని, రేపు మీ పని కూడా అని చెప్పండి.

"మనవాళ్లు ఎవరైనా చూసుకుంటున్నారా?" హైదరాబాద్‌లో సముద్రం లేదు కానీ సముద్రాన్ని కనిపెట్టే సంస్థ ఉంది, ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలూ, అలల సూచనలూ, చేపలు ఎక్కడ దొరుకుతాయన్న సమాచారమూ అక్కణ్నుంచే వస్తాయి. ధ్రువ పరిశోధన సంస్థ గోవాలో ఉంది.

ఇంటిపని

తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, "మీ చిన్నప్పుడు ఒడ్డు ఎక్కడుండేది?" అని అడిగి, విన్నది ఐదు తెలుగు వాక్యాల్లో రాసుకురమ్మనండి. వరంగల్, కరీంనగర్ పిల్లలైతే చెరువు గురించి అడుగుతారు. కోత, పోటు, ఒండ్రు, చవుడు లాంటి మాటలు మన పుస్తకంలో కంటే ఆ ఫోన్లలో ఎక్కువ దొరుకుతాయి.

ఆ పాప అమ్మమ్మగారిని తర్వాతి ఏడాది స్పీకర్ ఫోన్‌లో తరగతికి పిలిచాం. ఒకప్పుడు తన ఇంటికీ సముద్రానికీ మధ్య ఎన్ని వీధులుండేవో, ఒక్కో వీధీ ఏ తుపానుకు పోయిందో ఆవిడ వరుసగా చెప్పుకుంటూ పోయారు. పిల్లలు బోర్డు మీద వీధులు గీసి ఒక్కొక్కటే చెరిపారు. చివర్లో ఆ పాపే అడిగింది: "అమ్మమ్మా, ఇందులో నది వాటా ఎంత, మంచు వాటా ఎంత?" ఆవిడకు తెలియదు. ఆ ప్రశ్న అడగడం మాత్రం పాపకు వచ్చింది.